పెరట్లో చీమలు

ఆదోనిలో కిరాణా వ్యాపారం చేసేవాడికి రెండు విద్యలు రావాలి. సరుకును వేళ్ల మధ్య నలిపి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఒకటి. ఎదుటివాడు అడిగినదాంట్లో ఎంతో కొంత కొట్టేయందే పైకి లేవకపోవడం రెండోది. రామకోటయ్య శెట్టికి ఈ రెండూ ఉగ్గుపాలతోనే అబ్బాయి. కొత్తిమీర కట్ట దగ్గరా బేరమే, పురోహితుడు పెట్టిన ముహూర్తం దగ్గరా బేరమే. అమ్మవారికి మొక్కుకునేటప్పుడు కూడా ముందు నా పని కానీ తల్లీ, కొబ్బరికాయల లెక్క తర్వాత తేల్చుకుందాం అంటాడని బజారంతా ఆటపట్టించేది. ఆ మాట విని ఆయన మీసాల్లోనే నవ్వుకునేవాడు. ఇప్పుడా మాట ఆయన ఎదుట ఎవరూ అనరు.

ఆయన భార్య నాగరత్నమ్మ. ఒక్కడే కొడుకు కిరణ్‌కుమార్, దుకాణం వాడి చేతికి వచ్చి చాలా కాలమైంది, ఇంట్లో మాత్రం ఇంకా తండ్రి మాటే. కోడలు రమ్యశ్రీ. ఇద్దరు పిల్లలు, పన్నెండేళ్ల తేజేశ్వర్, వాడి చెల్లెలు అమూల్య. తేజేశ్వర్ నెల తక్కువలో పుట్టాడు. దక్కుతాడో దక్కడో అని ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టిన పిల్లవాడు. దక్కాక ఇక నాగరత్నమ్మ చేతికి అడ్డేముంది? పొద్దున బొరుగుల ఉగ్గాని, దాని పక్కన మిరపకాయ బజ్జీలు, పండగొస్తే నెయ్యిలో మునిగిన పూర్ణం ఓళిగలు, బడి నుంచి రాగానే దుకాణంలో చేతికందిన డబ్బా. వాడు నడుస్తుంటే బుగ్గలు అదిరేవి. శెట్టి ఇంట్లో పిల్లవాడు సన్నగా ఉంటే దుకాణంలో సరుకు లేదనుకుంటారు జనం అని రామకోటయ్య గొప్పగా చెప్పుకునేవాడు. మనవడంటే ఆయనకు పంచప్రాణాలు.

రెండువేల ఏడులో, వేసవి సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన కొత్తల్లో, కర్నూలు నుంచి డాక్టర్ల బృందం ఒకటి వచ్చింది. వాళ్లకు పెద్ద హర్షిణి అనే డాక్టరమ్మ. గండికోట పక్క శనగ పండించే రైతుల ఇంటి పిల్ల, చదువుకుని కర్నూల్లో స్థిరపడింది. బజారు పిల్లలు వయసుకు మించి లావవుతున్నారని, చిన్నతనంలోనే పెద్దవాళ్ల జబ్బులు వస్తున్నాయని, దాని మీద పరిశోధన చేస్తున్నామని చెప్పింది. మేమొచ్చి రాసుకుని పోయే పని కాదు ఇది, ఊరూ మేమూ కలిసి చేయాల్సిన పని అంది. అందుకని నేరుగా శెట్ల గుడి అమ్మవారిశాలకు వచ్చి సంఘం పెద్దల ఎదుట చాప మీద కూర్చుంది. ఆ పద్ధతి పెద్దలకు నచ్చింది.

పొద్దునే పిల్లల్ని నడిపించాలి. ఇళ్లలో తిండి మార్చాలి. నెలకోసారి బరువు, ఎత్తు, నడుము కొలత చూడాలి. ఇంతవరకూ అందరూ తలలూపారు. పరగడుపున కాస్త రక్తం కూడా తీయాలి అనేసరికి హాలంతా చల్లబడిపోయింది.

ఎందుకో ఆమెకు అర్థం కాలేదు గానీ, అక్కడ కూర్చున్న ఆడామగా అందరికీ తెలుసు. షుగర్ అన్న మాట ఒక్కసారి ఇంటి మీద పడిందా, ఇక ఆ ఇంటికి సంబంధాలు రావు. పేర్లు బయటికి చెప్పం అని డాక్టరమ్మ ప్రమాణం చేసింది. పాపం, ఆమెకు ఆదోని తెలియదు. ఇక్కడ పొద్దున గుట్టుగా చెప్పిన మాట మధ్యాహ్నానికి ఆలూరు చేరుతుంది. పత్తి వ్యాపారం చేసే గోపన్న శెట్టి ఇంట్లో పెళ్లికెదిగిన మనవరాలుంది. ఆయన రామకోటయ్య మోకాలు గిల్లాడు. నువ్వే మాట్లాడు అని దాని అర్థం.

రామకోటయ్య కండువా సర్దుకున్నాడు.

"అమ్మా, హాలు ఇస్తాము. పాలు ఇస్తాము. తెల్లారేసరికి పిల్లోళ్లను మైదానంలో నిలబెట్టే పూచీ నాది. మీరు పదేండ్లు తిరిగినా ఇంతమంది దొరకరు. ఆ నెత్తురు ఒక్కటీ కొట్టేయండి."

"అదే కొట్టేస్తే ఎట్లా శెట్టిగారూ? బరువు పైకి కనపడేది. లోపల ఏముండాదో నెత్తురే చెప్తాది."

ఆయన వినలేదు. ఆమె కొంత దిగింది, ఆయన ఇంకొంత లాగాడు. చివరికి ఆమె చూపు తాత పక్కన కూర్చుని మురుకులు నములుతున్న తేజేశ్వర్ మీద పడింది. వాడి మెడ చుట్టూ నల్లని పట్టీ ఒకటి ఉంది. రమ్యశ్రీ వారం వారం శనగపిండి పెట్టి రుద్దినా పోని నలుపు. అది మురికి కాదు, షుగర్ రాబోతోందని ఒంటి మీద కనిపించే గుర్తు, ఇలాంటి పిల్లలకైనా పరీక్ష చేయనివ్వండి అని ఆమె బతిమాలింది. రామకోటయ్య నవ్వేశాడు. మావాడు ఎండలో ఆడతాడమ్మా, అందుకే నల్లబడ్డాడు అన్నాడు. నిజానికి వాడు ఎండలోకి పోయిందే తక్కువ.

డాక్టరమ్మ తగ్గింది. మొత్తానికే పోగొట్టుకోవడం కంటే దొరికినంత మేలు అనుకుంది కాబోలు. రక్తం లేకుండా ఒప్పందం కుదిరింది. ఆ రోజు భోజనం దగ్గర రామకోటయ్య ఈ బేరం ఎలా తెంపాడో భార్యకు వర్ణించి వర్ణించి చెప్పి, మామూలు కంటే ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు.

మొదటిసారి తూకం అమ్మవారిశాల వసారాలో జరిగింది. డాక్టర్లు బరువు చూసే మిషను తెచ్చారు గానీ, మిషన్లను ఎవరు నమ్ముతారు? బస్తాలు తూచే కాటా పెట్టించారు. పిల్లలు ఒక్కొక్కరూ ఎక్కి దిగారు. అందరికంటే బరువు తేజేశ్వర్. వాడు ఎక్కినప్పుడు ఎవరో వెనక నుంచి బస్తా దించండప్పా అన్నారు. హాలంతా ఘొల్లుమంది. వాడు కిందికి దిగి తాత కండువాలో మొహం దాచుకున్నాడు. రామకోటయ్యకు తల కొట్టేసినట్టయింది. దుకాణంలో సరుకుందనడానికి గుర్తుగా చూపించుకున్న మనవడు నలుగురిలో నవ్వులపాలయ్యాడు.

అక్కడికక్కడే ఆయన లేచి, దసరాకల్లా ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకు సంఘం తరఫున వెండి కప్పు అని ప్రకటించాడు. పోటీలు వద్దు, పిల్లల మనసులు నలుగుతాయి అని హర్షిణి అడ్డుపడింది. పోటీ లేకుంటే సరుకు కదలదమ్మా అని ఆయన కొట్టిపారేశాడు. ఆ కప్పు తన మనవడికే రావాలని ఆయన అప్పుడే నిర్ణయించుకున్నాడు.

అన్నమాట ప్రకారం తెల్లవారకముందే వాణ్ణి లేపి తనే నడిపించేవాడు. పాపం, తనూ నడిచేవాడు, రొప్పుతూ. ఇంట్లో కొర్రన్నం వండించాడు. డబ్బాలకు తాళాలు వేయించాడు. మొదట్లో కాటా ముల్లు పెద్దగా కదల్లేదు. వినాయక చవితి దాటాక కదిలింది చూడండి! పిల్లవాడు చూస్తుండగానే దిగిపోసాగాడు. చొక్కాలు వదులయ్యాయి. బుగ్గలు పోయాయి. బజారులో వాళ్లు ఆగి మరీ అడిగేవాళ్లు, ఏం పెడుతున్నావు కోటయ్యా అని. ఆయన ఛాతీ విరుచుకుని చెప్పేవాడు.

పిల్లవాడు నీళ్లు తెగ తాగుతున్నాడు. కూల్‌డ్రింకులు మాని నీళ్లు తాగండని డాక్టరమ్మే కదా చెప్పింది, మంచిదే అనుకున్నారు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి మీదే నిద్రపోయేవాడు. నడక అలవాటు లేని ఒళ్లు కదా అనుకున్నారు. పన్నెండేళ్ల పిల్లవాడు పక్క తడుపుతున్నాడని రమ్యశ్రీ దుప్పట్లు దాచి దాచి ఉతికింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, అత్తకు తప్ప. కోడలు చెప్పినది కడుపులో పెట్టుకుని, నాగరత్నమ్మ ఒకరోజు మొగుడికి మజ్జిగ పోస్తూ అంది:

"పిల్లోడు తగ్గతాండేది కాదు. ఎండిపోతాండాడు. నాకు బయమేస్తాంది."

"నీ కండ్లకు పిల్లోడంటే గుమ్మడికాయ మాదిరుండాల" అని ఆయన కసిరాడు.

ఆ రోజుల్లోనే పెరట్లో చీమలు పట్టాయి. వాళ్ల పెరట్లో ఒక పక్క రేకుల కింద బెల్లం మూటలు పేర్చి ఉంటాయి, వాటి అవతల బచ్చలి, అదే స్నానాల గది, పిల్లలు ఒంటికి పోయేదీ అక్కడే. దాని తూము దగ్గర ఎర్రచీమలు బారులు బారులుగా చేరాయి. పొద్దున పొద్దున రామకోటయ్య పంచె ఎగ్గట్టుకుని వాటిని చూశాడు. కిరాణా శెట్టికి చీమలు కనిపిస్తే ఏం తోస్తుంది? మూటకు చిల్లు పడిందనే తోస్తుంది. దుకాణం వ్యాను తోలే ఉరుకుందును పిలిచి, మూటలు ఎత్తేసి పడేస్తున్నావు, బెల్లమంతా కారిపోతోంది అని చడామడా తిట్టాడు. వాడు మూటలన్నీ దించి, తిప్పి, మళ్లీ పేర్చి, చిల్లు యాడా లేదు శెట్టీ అన్నాడు. నోరుమూసుకుని చీమల మందు చల్లమన్నాడు రామకోటయ్య. మందు చల్లితే పోయాయి. మర్నాటికి మళ్లీ వచ్చాయి, తూము దగ్గరికే.

ఆయన నాన్న షుగరుతోనే పోయాడు. ముసలాయన ఒంటికి కూర్చున్న చోట చీమలు పట్టడం ఆయన చిన్నప్పుడు కళ్లారా చూశాడు. ఆ సంగతి ఆయనకు గుర్తు రాలేదని నేను చెప్పను. వచ్చే ఉంటుంది. వస్తే రానీ, దసరా దగ్గరపడింది.

దసరాకు ముందు ఆఖరి తూకానికి హర్షిణి వచ్చింది. తేజేశ్వర్ దిగిన బరువు చూసి ఆమె మొహం వెలిగిపోయింది. అంత మంచి ఫలితం ఆమె పరిశోధనలో ఇంకెక్కడా రాలేదు. కానీ వాణ్ణి పక్కకు తిప్పి చూసేసరికి వెలుగు కాస్త తగ్గింది. దాహం ఎక్కువుందా, ఒంటికి మాటిమాటికీ పోతున్నాడా అని అడిగింది. రమ్యశ్రీ నోరు తెరవబోయి మామ మొహం చూసింది.

"శెట్టిగారూ, ఒక్కసారి నెత్తురు చూడనీండి. ఈ ఒక్క పిల్లోనికే. ఎవరికీ చెప్పను" అంది డాక్టరమ్మ.

"ఒప్పందం ఒప్పందమే కదమ్మా. ఇంత దూరం వచ్చినాక ఇప్పుడు ఇంటి మీద ఆ పేరెందుకు? దసరా అయినాక చూద్దాంలే."

ఆమె ఇంకోసారి అడిగి ఉండాల్సింది. అడగలేదు. కాటా మీది అంకె ఆమెకూ ముద్దొచ్చింది.

విజయదశమి పొద్దున అమ్మవారిశాల కిటకిటలాడిపోయింది. అమ్మవారికి పసుపుకొమ్ముల అలంకారం, ముందు కాటా. తేజేశ్వర్‌కు రాత్రి నుంచి కడుపునొప్పి. వాంతి కూడా అయింది. కప్పు వస్తుందన్న ఆత్రం అన్నారు ఇంట్లో. కాటా ఎక్కాడు. చప్పట్లు మోగిపోయాయి. గోపన్న శెట్టే వెండి కప్పు చేతికిచ్చాడు. వాడు దాన్ని పట్టుకోలేక తాత వైపు చూసి, పరుగెత్తి వచ్చినవాడిలా గట్టిగట్టిగా ఊపిరి తీస్తూ మెట్టు మీద కూలబడ్డాడు.

దిష్టి అన్నారు. ఇన్ని కళ్ల ముందు ఇంత తగ్గితే దిష్టి తగలదా మరి? నాగరత్నమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసింది. ఎవరో నీరసం అన్నారు. ప్రసాదానికి కలిపిన పానకం ఉంటే రామకోటయ్యే గ్లాసు నోటికి పట్టి తాగించాడు. చిక్కటి బెల్లం పానకం. పిల్లవాడు ఆబగా తాగాడు. ఇంకో గ్లాసు పోశాడు. తాతే పోశాడు, తన చేత్తో.

హర్షిణి బస్సు ఆలస్యమై అప్పుడే వచ్చింది. జనాన్ని తోసుకుని వచ్చి వాడి మీదికి వంగింది. వాడి నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తోంది, షుగర్ ముదిరితే వచ్చే వాసన. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. షుగర్ చూసే మిషను తీయండని పక్కన ఉన్నవాళ్లెవరో అన్నారు.

"తేలేదు" అంది ఆమె. "నెత్తురు తీయొద్దని కదా మన ఒప్పందం. ఈ ఊరికి వచ్చేటప్పుడు నేను ఆ మిషను తెచ్చుకునేదే లేదు."

ఉరుకుందు వ్యాను తెచ్చాడు. దగ్గర్లోని నర్సింగ్ హోములో వేలు మీద గుచ్చి ఒక్క చుక్క తీశారు. రామకోటయ్య ఆ చుక్కను చూశాడు. మినపగింజంత కూడా లేదు. ఈపాటి దానికా తను హాలంతటి ఎదుట అంత వాదించింది! మిషన్లో అంకె రాలేదు. అది చూపగలిగినదాని కంటే ఎక్కువ చక్కెర ఉందట నెత్తుర్లో. అక్కడ ఒక సూది వేసి, సెలైను పెట్టి, కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. ఎమ్మిగనూరు దాటేవరకూ పిల్లవాడు నీళ్లు నీళ్లు అంటూనే ఉన్నాడు. కోడుమూరు దగ్గర అడగడం మానేశాడు. కర్నూల్లో డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు. మర్నాడు పొద్దెక్కకముందే ప్రాణం పోయింది. రమ్యశ్రీ ఏడవలేదు. కొంగుతో కొడుకు మెడ మీది నలుపును తుడుస్తూ కూర్చుంది, ఎవరు లాగినా లేవలేదు.

కర్మకాండలు అయిపోయాయి. బంధువులు వెళ్లిపోయారు. ఒక పొద్దున రామకోటయ్య మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. రేకుల కింద బెల్లం మూటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తూము దగ్గర ఒక్క చీమ లేదు. ఆయన వంగి వెతికాడు. మూటల చుట్టూ తిరిగాడు. ఎక్కడా లేవు. చెంబు జారవిడిచి అక్కడే తడినేల మీద చతికిలబడి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తనే. ఇక దాన్ని ఎవరి మీదికి తోస్తాడు?

ఆ వారమే కర్నూలు పోయి హర్షిణిని తీసుకొచ్చాడు. ఆమె మొదట రానంది. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు అంది. నేను ఏ మొహం పెట్టుకుని పిలుస్తాండానో ఆ మొహంతోనే రా తల్లీ అన్నాడు. అమ్మవారిశాలలో సంఘాన్ని పిలిచాడు. ఒక కుర్చీ వేయించి, అందులో అమూల్యను కూర్చోబెట్టాడు. రమ్యశ్రీ స్తంభం పక్కన నిలబడింది.

"తాతా, నొప్పయితాదా?" అని అడిగింది అమూల్య.

"లేదమ్మా, చీమ..." అని ఆయన ఆగిపోయాడు. పిల్ల తనే కళ్లు మూసుకుని వేలు చాపింది.

అమూల్యకు ఏమీ లేదు. ఆ మాట హర్షిణి చెప్పాక రామకోటయ్య హాలు వైపు తిరిగి, మీ పిల్లల్ని కూడా కూర్చోబెట్టండని చేతులు జోడించాడు. ఎవరూ కదల్లేదు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. గోపన్న శెట్టి గొంతు సవరించుకున్నాడు.

"నీ కష్టం మాకు తెలీదా కోటయ్యా? హాలు ఇస్తాము. పాలు ఇస్తాము. పిల్లోళ్లను నడిపిస్తాము. ఆ నెత్తురు ఒక్కటీ కొట్టేయ్."

తను అన్న మాటలే, తన వరసలోనే, తన ముందుకొచ్చాయి. జీవితంలో మొదటిసారి రామకోటయ్యకు ఎదురు బేరం తోచలేదు. ఇది బేరం కాదు గోపన్నా అని మాత్రం అనగలిగాడు. అప్పటికే జనం లేస్తున్నారు. కొందరు ఆయన భుజం తట్టి పోయారు. కొందరు కుర్చీ వైపు చూడకుండా గోడ వెంట పోయారు. హర్షిణి మిషను సంచిలో పెట్టుకుంటోంది.

గోపన్న శెట్టి తన మనవణ్ణి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. ఆ పిల్లవాడిదీ తేజేశ్వర్ ఈడే, వాడి తరగతే. వాడు తల వంచి చెప్పులు వెతుక్కుంటుంటే చొక్కా కాలరు వెనక మెడ కనిపించింది. మెడ చుట్టూ నల్లని పట్టీ.

రామకోటయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బజారులోకి పరుగెత్తాడు. డెబ్బైకి దగ్గరపడిన సంఘం పెద్ద నడిరోడ్డు మీద గోపన్న శెట్టి రెండు చేతులూ పట్టుకోవడం దుకాణాల వాళ్లంతా చూశారు. గోపన్న చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఎల్లుండే మనవరాలికి పెళ్లిచూపులు, బళ్లారి వాళ్లు వస్తున్నారు, ఇప్పుడు ఇంటి మీద పేరెందుకు అన్నాడు.

"ఆ చూపులు అయినాక చూద్దాంలే కోటయ్యా" అన్నాడు.

"నేనూ దసరా అయినాకనే అన్నాను గోపన్నా."

గోపన్న శెట్టి మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. మనవణ్ణి ముందుకు నడిపించుకుంటూ పత్తి మార్కెట్టు వైపు వెళ్లిపోయాడు.